కమ్మలు తీస్తేనే క్లిప్పు

మాయమ్మకు దడ మొదలైంది పట్టుపురుగుల కొట్టంలో. కూచోని పురుగులకు ఆకు వేస్తాంటే దడ. నీళ్ళబిందె దించితే దడ. నిదర లేస్తే దడ. గుండె కొట్టుకునేది రవికె మీదనుంచే కనిపించేది నాకు. చూసినప్పుడల్లా భయమూ కోపమూ ఒక్కసారే వచ్చేవి. ఎవురి మీద కోపమంటే చెప్పలేను.

మాది బాగేపల్లి పక్కన పల్లె. నేను చింతామణిలో ఇస్కూల్లో పాఠాలు చెప్పుకుంటా ఉన్నింటి. సెలవొచ్చిందంటే ఆమెను బస్సెక్కించి ఆస్పత్రులు తిప్పేదే నా పని. గుండెను నిదానం చేసే మాత్ర ఇచ్చినారు. అది మింగితే ఉబ్బసం లేసి, ఊపిరాడక గోడ పట్టుకొని నిలబడింది. ఇంగొకటి ఇస్తే తల తిరిగి వాకిట్లోనే పడింది. "ఇట్లే కొట్టుకుంటే గుండె అలిసిపోతాదమ్మా, ఎన్నాళ్ళని ఈడుస్తాది" అన్నాడు మాత్రలిచ్చిన డాక్టరు నాతో, మా మొగాలు చూడకుండానే. ఆమె పక్కనే కూచోనుంది. వినపడదనుకున్నాడో ఏమో, పాపాత్ముడు.

అప్పుడు చిక్కబళ్ళాపురంలో నడుమునొప్పులకు కరెంటు పెట్టే డాక్టరు ఒకాయన ఉన్నాడని తెలిసి పిల్చుకపోయినాను. నాకన్నా చిన్నవాడే. చెవి రంధ్రం ముందర ఉండే చిన్న మిట్టను వేలితో తాకి చూపించినాడు. ఆ చోట చర్మం కిందనే ఒక నరం కొస ఉండాదంట. గుండె వేగాన్ని తగ్గించేది కూడా ఆ నరమేనంట. ఆ మిట్టకు క్లిప్పు తగిలించి సన్నగా కరెంటు పోనిస్తే దడ తగ్గొచ్చంట. సూది లేదు, కోత లేదు.

"బయటి దేశాల్లో ఇంకా పరీక్షలే చేస్తాండారు. తగ్గుతాదని మాటివ్వను. చూద్దాం" అన్నాడు.

అంత ఉన్నదున్నట్లు మాట్లాడిన డాక్టరును నేను అంతకుముందు చూళ్ళేదు. నాకు ప్రాణం లేచొచ్చినట్లయింది.

"చెవులకుండేవన్నీ తీసేయండమ్మా. కరెంటు పోయేచోట లోహం ఉండకూడదు" అన్నాడు.

చెవి మీదుగా కొప్పులోకి పోయే మాటీలు తీసి మాయమ్మ నా చేతికిచ్చింది. కమ్మల దగ్గరికొచ్చేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏడురాళ్ళ కమ్మలు. పెండ్లినాడు మరలు బిగించినవి, మళ్ళీ ఊడదీసిందే లేదు. మా పక్క ముత్తైదువకు తాళి ఎంతో చెవికమ్మా అంతే. మొగుడు బతికుండే భాగ్యాన్నే కన్నడంలో ఓలెభాగ్య అంటారు. ఓలె అంటే కమ్మే.

"ఇవి తీసేవిగాదప్పా" అంది డాక్టరుతో.

"తీయకుంటే చెవు కాలుతాదమ్మా. నేను పెట్టను."

"వేపపుల్ల పెట్టుకోమ్మా కొంచేపు. చెవులు బోడిగా ఉండవు కదా" అన్నాను నేను.

"నిన్నగాక మొన్న చెవులు కుట్టించుకున్న పిల్లనా, పుల్ల పెట్టుకునేదానికి? మీ నాయన నిక్షేపంగా తిరుగుతాంటే నా చెవులు యాల బోడి చేస్తావే?"

నాకు ఒళ్ళు మండిపోయింది. బయట బెంచీ మీదుండేవాళ్ళు తొంగిచూసేటట్లు అరిచినాను. "అయితే ఆ కమ్మలు పెట్టుకొనే పాడెక్కు!"

"ఎక్కుతా. అంతకన్నా ఏం కావల్ల నాకు?" అంది, నవ్వుమొగంతో.

మాటీలు మళ్ళా నేనే తగిలించి బస్టాండుకు పిల్చుకొచ్చినాను.

ఇంట్లో సంగతి విని మా నాయన పకపకా నవ్వినాడు. "ఏమే, నా ప్రాణం తీసకపోయి నీ చెవుల్లో దాచిపెట్టుకున్నావా? తీసి పారెయ్. నేను యాడికీ పోను." సాయంత్రం కొబ్బరినూనె గిన్నె తెచ్చుకొని ఆయనే ఆమె పక్కన కూచున్నాడు, మర తిప్పేదానికి. ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

"నీ చేత్తోనేనా?" అంది.

నవ్వేది నిలిచిపోయింది. ఆయన గిన్నె కింద పెట్టి, తువ్వాల భుజానేసుకొని చేనికి పోయినాడు. ఆ మాట మళ్ళా మా ఇంట్లో ఎత్తలేదు. ఆమె దడ మాత్రం ఎక్కువైపోతానే ఉన్నింది.

జబ్బు ఆమెది. పోయింది ఆయన. పేరేసంద్రలో బస్సు కోసరం నిలబడి, అంగట్లో టీ తాగుతా తాగుతా కూలబడినాడంట. గుండె ఆగిపోయింది. బతికినన్నాళ్ళూ ఒక్క మాత్ర మింగి ఎరగడు. గట్టిగా దగ్గి కూడా ఎరగడు. దేవుడనేవాడు ఉంటే వాడికి కండ్లు లేవు, నేనింతే చెప్తాను.

పదకొండో దినం మా మేనత్త కమ్మలు తీసేదానికి కూచుంది. మరలు పట్టుకుపోయినాయి, తిరగలేదు. అదే గిన్నెలో నూనె తెచ్చి పోసినారు. మేనత్త ఏడుస్తానే బలంగా తిప్పింది. చెవితమ్మె చీరుకుపోయి నెత్తురు మెడమీదికి కారింది. "సంపుతారా ఆమెను? ఆపండి!" అని మీద పడినాను. ఆడోళ్ళు నన్ను పట్టి బయటికి లాగేసినారు. వాకిట్లోనుంచి చూస్తే మాయమ్మ ఒక్క చెయ్యి రొమ్ము మీద పెట్టుకొని ఉన్నింది. ఆ చెయ్యి గుండెతోబాటు ఎగిరెగిరి పడతాంది.

పుండు మానినాక ఆమెను మళ్ళా చిక్కబళ్ళాపురం తీసకపోయినాను. వద్దనలేదు, సరేననలేదు. నేను రమ్మంటే లేసింది, అంతే. డాక్టరు ఆమె చెవులు చూసినాడు. ఈసారి తీసేదేమీ లేదు. వేలికి గుండె వేగం చూపించేది ఒకటి తగిలించి, చెవి మిట్టకు క్లిప్పు పెట్టి, మిషను మర కొంచెం కొంచెంగా తిప్పినాడు.

"చీమలు పాకినట్ల ఉండాది" అంది.

మిషను పక్కన చిన్న పెట్టెలో ఎర్రటి అంకెలు. మొదట నూటిరవై పైన ఉన్నింది. కొంచేపటికి నూటపది. ఇంగా కొంచేపటికి నూరు. తర్వాత తొంబై, దాని కిందికీ దిగింది. ఆమె మెడ దగ్గర ఎగిరే నరం నిదానించడం నేను నా కండ్లతో చూసినాను. ఎన్నాళ్ళకి! నాకు ఏడుపొచ్చేసింది.

"అది నా గుండేనా?" అంది ఆమె అంకెను చూస్తా.

"అవునమ్మా."

"తగ్గుతాండాదా?"

"తగ్గుతాండాదమ్మా, శానా బాగా తగ్గుతాండాది" అన్నాడు డాక్టరు సంతోషంగా.

"అట్లయితే ఇంగా తగ్గించప్పా."

"ఇది చాలమ్మా. ఇంతకన్నా వద్దు."

"చాలదప్పా" అంది, మెల్లిగా, బతిమాలుకుంటా. "ఈ పిల్ల నాయనకు ఆగిపోయినట్ల, పూర్తిగా ఆగేదాకా తగ్గించు."

డాక్టరు గబుక్కున మిషను ఆపేసినాడు. క్లిప్పు తీయబోతే ఆమె చెవిని రెండు చేతులతో గట్టిగా కప్పేసుకుంది. తల అడ్డంగా ఊపతానే ఉంది. ఒక్కొక్క వేలూ విడదీసి, క్లిప్పు నేనే తీసినాను.