కదలకయ్య గీసిన ఎలుగుబంటి

చేతికి పెన్సిల్ వచ్చిందంటే చాలు, ఎదుట ఏ ప్రాణి కనబడినా ఆయన "కదలకు!" అని అరుస్తాడు. ఆయనకున్న జబ్బు ఇదొక్కటే. పుస్తకాలకూ పత్రికలకూ బొమ్మలు వేసుకుని బతికే మనిషి. ఉద్యోగం లేదు, పై అధికారి లేడు. అందుకని చేతికి చిక్కినవాళ్లందరి మీదా తనే అధికారం చెలాయిస్తాడు. వీధి వీధంతా ఆయన్ని కదలకయ్య అనే పిలుస్తుంది. అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కి కూడా కాస్త ఆలోచిస్తే గాని గుర్తు రాదు.

ఆ మధ్య పళ్ల డాక్టరు తన గది గోడకి బొమ్మలు అడిగితే, వాచ్‌మన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి ముప్పావుగంట నోరు తెరిపించాడు. ఇక చాలా అని అడగడానికైనా నోరు కాస్త మూయాలి కదా, పాపం! లిఫ్టు జాగ్రత్తల పోస్టరుకి సొంత బావగారే దొరికాడు. ఆయన్ని తలుపు సందులో ఒంటికాలి మీద నిలబెట్టాడు.

"బావగారూ, ముఖంలో భయం బాగా వచ్చింది!"

"భయం కాదయ్యా బాబూ, తిమ్మిరి!"

"ఏదైతేనేం, కదలకండి!"

"ఈ మధ్య ఏం వేశారు, ఇక ముందు ఏం వేద్దామనుకుంటున్నారు?" అని అడగడానికి పత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చింది. వచ్చిన అయిదు నిమిషాలకే రెండు చేతులూ పైకెత్తి చెట్టయిపోయింది. ఇక జవాబులు రాసుకునేదెలా? పాపం, ఒకటే గుర్తు పెట్టుకుని వెళ్లింది. "ఒక్క అక్షరం కూడా లేని పుస్తకం వెయ్యాలమ్మా. అన్నీ బొమ్మలే. చదువు రానివాళ్లు కూడా చదువుకోవాలి."

ఆ పుస్తకం గురించి ఆయనకంటే ఎక్కువ బెంగ ఆయన చెల్లెలికి. ఫోన్లు ఎత్తడం, గడువులు గుర్తుపెట్టుకోవడం, అన్నయ్య తరఫున క్షమాపణలు చెప్పడం ఆవిడ పనులు. ప్రచురణకర్త ఆవిడతో ఖచ్చితంగా చెప్పేశాడు. జంతువుల కథలకి బొమ్మలన్నీ శుక్రవారం లోపల అందితేనే, అక్షరాల్లేని పుస్తకం వేస్తాడు. లేదంటే ఆ మాటే మర్చిపోవాలి.

ఇక్కడ చూస్తే అన్నయ్య మూడు వారాలుగా ఒక్క ఎలుగుబంటి దగ్గరే కూర్చున్నాడు. ఎలుగుబంటి ఎవరనుకున్నారు? కింది వాటాలో ఉండే దర్జీ తాతగారు. భార్య పోయాక దుకాణం షట్టరు దించేసి, మంచానికీ కిటికీకీ మధ్య తిరుగుతూ ఉండిపోయిన మనిషి. పలకరిస్తే తల ఊపేవాడు, అంతే. అలాంటాయన్ని పైకి లాక్కొచ్చి, నల్ల కంబళి కప్పి, స్టూలెక్కించాడు కదలకయ్య.

మొదటి వారం తాతగారు నోరు విప్పలేదు. రెండో వారం బొమ్మలోని ఎలుగుబంటి కోటు చూసి ఉండబట్టలేకపోయాడు.

"ఈ భుజం ఎవడు కుట్టాడయ్యా? జారిపోతోంది!"

"నేనే గీశానండీ."

"గీస్తే మాత్రం? కొలత ఉండొద్దూ?" అంటూ మెడలో టేపు వేసుకుని మరీ రావడం మొదలుపెట్టాడు.

గురువారం నాటికి చెల్లెలికి ఓపిక నశించింది. "అన్నయ్యా, రేపే గడువు!"

"తాతగారిని కదిలించకే, కంబళి జారుతుంది."

ఇక లాభం లేదని తనే ప్రచురణకర్త దగ్గరికి పరిగెత్తింది. "నాలుగు రోజులు ఓపిక పట్టండి సార్, మీకు పుణ్యముంటుంది" అని చేతులు జోడించింది.

ఆయన తెల్లబోయాడు. "దేనికమ్మా? బొమ్మలన్నీ మీ అన్నయ్య సోమవారమే తెచ్చిచ్చాడు. ఎలుగుబంటి అదిరిపోయింది! సొంత పుస్తకం కూడా మొదలుపెట్టుకోమని చెప్పానే!"

ఆవిడ ఒళ్లు మండిపోయింది. మెట్లు రెండేసి ఎక్కి ఇంట్లో అడుగుపెట్టింది. తాతగారు మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాడు. అన్నయ్య ముందున్న కాగితం మీద ఎలుగుబంటి లేదు, ఉత్త పిచ్చిగీతలు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది పళ్లు బిగించి.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే." అన్నయ్య గొంతు తగ్గించాడు. "పుస్తకం అయిపోయిందని తెలిస్తే, ఆయన రేపట్నుంచి పైకి రాడు."

"మరి ఎలుగుబంటి వెయ్యడానికి ఆయన్ని కూర్చోబెట్టక్కర్లేదా?"

"కళ్లు మూసుకుని వేస్తాను. ఎలుగుబంటికేం, వెధవ జంతువు."

ఇంతలో తాతగారు కంబళి భుజాన సర్దుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగాడు. చెల్లెలి వంక బెరుగ్గా చూశాడు. "ఏమ్మా, పుస్తకం పూర్తి కావచ్చిందా?"

అన్నయ్య పిచ్చిగీతల కాగితాన్ని గబుక్కున తిరగేశాడు. చెల్లెలు ఒక్క క్షణం తాతగారినీ, ఆయన మెడలో టేపునూ చూసింది. దాంతో కోపం ఎటు పోయిందో పోయింది.

"ఎక్కడ తాతగారూ! సగం కూడా కాలేదు. దీని తర్వాత ఇంకోటి ఉంది. అందులో అన్నీ బొమ్మలే. మీరు లేకపోతే ఒక్క పేజీ కూడా నడవదు."

"రామ రామ! ఈ వయసులో నాకీ చాకిరీ ఏమిటమ్మా!" అని తాతగారు గట్టిగా విసుక్కున్నాడు. కంబళిని అంచుకి అంచు కలిపి బట్టల దుకాణంలో లాగా మడతపెట్టి, బీరువాలో తనే పెట్టాడు. మెట్లు దిగుతూ దిగుతూ కింద నుంచి కేకేశాడు.

"రేపు ఎనిమిదింటికల్లా వస్తా! మీ అన్నయ్యని స్నానం చేసి సిద్ధంగా ఉండమను, నాకు ఎదురుచూడటం గిట్టదు!"