తొక్కల నుంచి తీసిన స్పిరిట్

అరవైల చివర్లో యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతూ తార్నాకలో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. ఇంటి చెత్తలోంచి దీపానికి పనికొచ్చే స్పిరిట్ తీయడమే నా ప్రాజెక్టని మాస్టారితో ధైర్యంగా చెప్పి వచ్చాను. తీరా చూస్తే మా ఇంటామె వంటింట్లో చెత్తంటూ లేదు. తొక్కలు, గంజి, మిగిలిన అన్నం అన్నీ బర్రె కుడితిలోకే పోయేవి.

"పెద్దమ్మా, పండ్ల తొక్కలు నాకిస్తవా?" అని అడిగాను.

"గవి నీకిస్తే నా బర్రె ఏం తినాలె బిడ్డా?" అని నవ్వింది.

మర్నాడు క్యాంపస్ నుంచి వచ్చేసరికి నా గది ముందు నిండు బకెట్ ఉంది. అరటి తొక్కలు, మగ్గిపోయిన సపోటాలు, మెత్తబడ్డ జామపండ్లు. మధ్యాహ్నమంతా గల్లీలో ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చిందట.

ల్యాబ్‌లో వాటిని నలిపి, ఈస్టు కలిపి పులియబెట్టాను. మూత సరిగా బిగించలేదేమో, మొదటి జాడీ మొత్తం పుల్లటి వెనిగర్ అయిపోయింది. మాస్టారు వాసన చూసి, "పచ్చళ్లకు పనికొస్తుందమ్మా" అన్నారు. ఏడుపు మొహంతో ఇంటికొచ్చాను.

"పోతే పోనీ. తొక్కలకేమన్నా కరువా?" అంది పెద్దమ్మ. మళ్లీ బకెట్ నిండింది.

ఈలోగా ఎదురింటాయన వచ్చి, "మీ ఇంట్ల పిల్ల సారా కాస్తున్నదట, నిజమేనా?" అని అడిగాడు.

పెద్దమ్మ కొంగు నడుముకు దోపింది. "సారా కాదు, దీపంల పోసేది చేస్తున్నది. మీ ఇంట్ల తొక్కలు గూడ ఇయ్యి, నీకే ఎర్కైతది."

ఆయన నిజంగానే పంపాడు.

రెండోసారి పులిసిన రసాన్ని కాచి ఆవిరిని చల్లబరిస్తే స్పిరిట్ చుక్క చుక్కగా దిగింది. మాస్టారిని అడిగి చిన్న సీసాడు ఇంటికి తెచ్చి, వాకిట్లో ఆడవాళ్ల ముందు దీపం వెలిగించాను. ఎండకు మంట కనిపించలేదు. పెద్దమ్మ వేలు దగ్గరకు పెట్టి చటుక్కున లాక్కుంది.

"అమ్మో, సుర్రుమన్నది! ఉన్నదే మంట!"

ఆ దీపం మీదే చాయ్ గిన్నె పెట్టాం. నీళ్లు మరగకముందే స్పిరిట్ అయిపోయింది. అన్ని బకెట్ల తొక్కలకు ఇంతేనా అని నాకు సిగ్గేసింది. పెద్దమ్మ మాత్రం గిన్నెను లోపల కిరోసిన్ స్టవ్ మీదికి మార్చి, అందరికీ చాయ్ పోసింది.

వైవా రోజు పొద్దున్నే నన్ను కూర్చోబెట్టి, నూనె రాసి, గట్టిగా జడ వేసి పంపింది. ఆమెకు నేను ఏమీ కాను. ఊళ్లో ఉన్న మా అమ్మే నా దగ్గరుంటే అంతకన్నా ఏం చేసేది?