ఆరో గదిలో తూటా

రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చిన పెద్దావిడకు రసీదు రాసివ్వడానికి కృష్ణమూర్తి వంగిన క్షణంలో, అతని నడుము దగ్గరున్న రివాల్వర్ పంట్లాం కుడికాలు గుండా ప్రయాణం చేసి బూటు పక్కన నేలమీద దిగింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసి, "మీదేదో పడింది" అని మర్యాదగా చెప్పింది. అతను థాంక్స్ చెప్పి తీసుకున్నాడు. రేడియో గురువారానికి రెడీ అవుతుందన్నాడు.

ఆవిడ వెళ్ళగానే తలుపుకు గొళ్ళెం పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

కృష్ణమూర్తి చీమను తొక్కినా "అయ్యో" అనే మనిషి. దేశం కాని దేశంలో, శాంటా క్లారాలో టీవీలు, రేడియోలు బాగుచేసే చిన్న షాపు అతనిది. 1981 వేసవిలో పక్కనున్న లిక్కర్ షాపులోకి పట్టపగలు ఇద్దరు దూరి, యజమాని తల పగలగొట్టి పోయారు. అప్పటినుంచి తలుపు గంట మోగితే చాలు, కృష్ణమూర్తి చేతిలో స్క్రూడ్రైవర్, ఛాతీలో గుండె ఒకేసారి జారేవి.

చూడలేక స్నేహితుడు మోహన్, పాత మిలిటరీ సామాన్లమ్మే కొట్టుకు తీసుకెళ్ళాడు. కంబళ్ళు, నీళ్ళసీసాలు, చిల్లుపడ్డ టోపీల మధ్య బ్రిటిష్ సైన్యం ఎప్పుడో వదిలించుకున్న రివాల్వర్ ఒకటి చవగ్గా దొరికింది. కొట్టతను కాగితాలు రాయించుకుని, పదిహేను రోజులాగి రమ్మని, అప్పుడిచ్చాడు. ఇస్తూ ఒకే మాట మూడుసార్లు చెప్పాడు.

"ఆరు గదులున్నాయి కదా అని ఆరూ నింపకు. ఐదే తూటాలు. తూటాని కొట్టే హామర్ కింద గది ఎప్పుడూ ఖాళీ. ఇది ముసలిది, కింద పడితే పేలొచ్చు. మంచి తోలు ఒర కూడా కొనుక్కో."

మొదటి మాట కృష్ణమూర్తి సంధ్యావందనంలా పాటించాడు. ఒర మాత్రం భార్య వసుమతి పాత జీన్స్ గుడ్డతో కుట్టిచ్చింది.

రోజూ షాపు తెరవగానే సొరుగు తాళం తీసి, తూటాల గదులు కనపడేలా రివాల్వర్ మడత విప్పి, ఐదూ లెక్కపెట్టి, ఆరో గదిలోంచి కిటికీ వెలుతురు చూసేవాడు. ఆ కాస్త వెలుతురే అతని ధైర్యం. దొంగల భయం పోలేదు గాని, దాని పక్కనే రివాల్వర్ భయం కూడా వచ్చి కూర్చుంది.

దసరా వచ్చింది. ఆయుధపూజకు దాన్నీ తెమ్మంది వసుమతి.

"అసలైన ఆయుధం పెట్టుకుని స్క్రూడ్రైవర్లకి పూజేంటండీ? నవ్విపోతారు."

తూటాలు తీసి మిగతా తూటాల పెట్టెలో వేసి, రెండూ ఇంటికి తెచ్చాడు. పూజయ్యాక ఆవిడే తూటాలు పెట్టేసి, మడత చుట్టూ పసుపు తోరం కట్టింది. కట్టిన తోరం తెంపడం అపచారమని మర్నాటినుంచి అతను మడత విప్పలేదు. శుక్రవారం విప్పలేదు. శనివారం విప్పలేదు. ఈ సోమవారం జీన్స్ ఒర కుట్టు ఊడింది.

ఇప్పుడు గొళ్ళెం పెట్టిన షాపులో, కత్తెరతో తోరం కత్తిరించి మడత విప్పాడు. వెలుతురు లేదు. అది ఉండాల్సిన చోట గుండ్రటి ఇత్తడి మెరుస్తోంది. దానికో చిన్న కుంకుమబొట్టు.

ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టాడు. ఆరు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఆరే. పిడి మీద పడింది గనక సరిపోయింది. రెండంగుళాలు అటు పడివుంటే హామరే. పెద్దావిడ నిలబడిన చోటు చూశాడు. తరవాత తన పక్కనున్న చిన్న స్టూలు చూశాడు. శనివారం ఏడేళ్ళ కూతురు మీనా దానిమీదే హోంవర్క్ చేస్తూ, విసుగొచ్చినప్పుడల్లా అతని నడుముకు తల ఆనించింది.

"డాడీ, ఇక్కడ హార్డ్ ఉంది. అటు పెట్టు" అంది.

అటు పెట్టుకున్నాడు.

చెమట తుడుచుకుని, ఆ మధ్యాహ్నమే రివాల్వర్‌ని కొట్టతనికి అప్పగించి వచ్చాడు. సాయంత్రం ఇంటికెళ్ళి ఆరో తూటా సంగతి అడిగాడు.

"మీరు తీసిన ఐదూ పెట్టాక ఒక్క గది పన్నూడిన నోరులా ఉందండీ" అంది వసుమతి. "పూజ చేసిన ఆయుధాన్ని బోసిగా ఉంచుతామా? అందుకే పెట్టెలోంచి ఇంకోటి తీసి నిండుగా పెట్టాను."

మీనా స్టూలు సంగతి చెప్పాడు. వసుమతి మీనాని దగ్గరికి లాక్కుని, అవసరం లేకపోయినా జడ విప్పి మళ్ళీ వేసింది. జడ పూర్తయ్యేసరికి ఆవిడ కాస్త తేరుకుంది.

"ఇచ్చేస్తే ఇచ్చేశారు, నాతో ఒక్కమాట అనొద్దా? వచ్చే దసరాకి పీటమీద ఏం పెట్టమంటారు మరి?"

"స్క్రూడ్రైవర్ పెట్టు వసూ, దాన్లో నువ్వు నింపడానికి గదులుండవు."