అప్పాసామి నాయకర్ కరెంటు కారు బేరం

ఏ వస్తువు కంటపడినా అప్పాసామి నాయకర్ మూడు ప్రశ్నలు వేసేవాడు. "ఇదేం తింటాది? ఎంత తింటాది? తిని ఊరికే పడుకుంటే ఏమైతాది?" ఎద్దుల సంతలో ఇలా అడిగితే వింతేమీ లేదు. నాయకర్ గోడగడియారాన్నీ అడిగాడు, కుట్టుమిషన్నీ అడిగాడు. పెళ్ళిచూపులకు వచ్చిన చిన్నల్లుడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కూడా ఈ మూడే అడిగాడు. మొదటి రెండింటికీ ఆ అబ్బాయి నిజాయితీగానే జవాబు చెప్పాడు. మూడోదాని జవాబు పెళ్ళయ్యాక తెలిసింది.

నేనప్పట్లో కాశీకీ కన్యాకుమారికీ మధ్య కాలు నిలవకుండా తిరుగుతున్నాను. కోవిల్‌పట్టి స్టేషన్లో మంచినీళ్ళ కోసం దిగితే రైలు వెళ్ళిపోయింది. మంచినీళ్ళూ దొరకలేదు, ఉప్పునీళ్ళు దొరికాయి. అయితే చెంబుతో పోసిన పెద్దమనిషి, "కొంచం ఉప్పగా ఉండాది, కోపపడొద్దు అయ్యా" అని తెలుగులో అన్నాడు. అంత దక్షిణాన ఆ మాట వినగానే ఇక రైలుతో నాకేం పని? ఆ పెద్దమనిషే నాయకర్. ఆయన వెంట బండెక్కి, నల్లరేగడి పొలాల మధ్య ఉన్న ఆయన పల్లెకు పోయాను. తరవాత ఎన్ని ఊళ్ళు తిరిగినా ఏడాదికోసారి అక్కడ తేలేవాణ్ణి. అలా తేలిన ఒక ఏడు కరెంటు కారు బేరం మొదలైంది. ఆ మరుసటి ఏడు మళ్ళీ తేలాను. అప్పటికీ నడుస్తూనే ఉంది.

ఆ కారు కథ చెప్పాలి. కోవిల్‌పట్టిలో రామచంద్రన్ నాయుడికి పత్తిగింజలు తీసే ఫ్యాక్టరీ ఉండేది. ఆయన భార్య పట్టమ్మాళ్ ఒకసారి బండి మీంచి పడి నడుము విరగ్గొట్టుకుంది. ప్రాణం దక్కింది కాని, ఆపైన ఎద్దుబండి కుదుపు ఆమెకు యమబాధ. పెట్రోలు కారు వణుకు అంతకన్నా కష్టం. రైలుందిగదా అంటారేమో, రైలు మెట్టు ఆమె కాలికి అందదు. ఒకసారి నలుగురు పట్టుకుని పత్తి బేలులా ఎక్కించారు. ఇక జన్మలో ఎక్కనంది. అందుకని రామచంద్రన్, మద్రాసులో ఎవరో జమీందారు వాడి విసిగిపోయిన అమెరికా కారొకటి తెప్పించాడు. దానికి పెట్రోలు అక్కర్లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. అడుగున బ్యాటరీలు, చుట్టూ అద్దాలు, నేలకు జానెడెత్తున మెట్టు, గుర్రపుబండికి కూడా దొరకని మెత్తటి స్ప్రింగులు. తిప్పడానికి చక్రం బదులు నాగలి మేడిలాంటి పిడి ఉండేది. ఫ్యాక్టరీ మెకానిక్కు వీరసామి దాన్ని నడిపేవాడు.

రామచంద్రన్ పోయాక ఫ్యాక్టరీ తమ్ముడు గోవిందరాజ్ చేతికి వచ్చింది. గోవిందరాజ్ చెడ్డవాడు కాదు, కాలేజీలో చదివినవాడు, అంతే. ఇంట్లో ముసలి కారొకటి కరెంటు తాగుతూ కూర్చోవడం అతనికి కంట్లో నలుసైంది. మదురై వ్యాపారి ఒకడు బ్యాటరీల్లో సీసం కోసం దాన్ని కొంటానన్నాడు. సీసం తీసుకుని మిగతాది విరిచి ఇనుప సామానులో కలిపేస్తాడట. పట్టమ్మాళ్ కిటికీ పక్కన కూర్చుని కారు వైపు చూసేది. అది పోతే ఆమెకిక ఆ కిటికీయే ఊరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాయకర్ పత్తి అమ్మడానికి ఫ్యాక్టరీకి వచ్చి కారును చూశాడు. ఆ సంభాషణకు నేనూ సాక్షిని.

"ఇదేం తింటాది?"

"కరెంటు, మామా" అన్నాడు గోవిందరాజ్.

"కరెంటు యాడ పుడతాది?"

"మన ఆయిలింజన్లో."

"ఆయిలింజను ఏం తింటాది?"

"ఆయిలు."

"అంటే ఇది ఆయిలు తినే బండే గదా! మద్దెలో కరెంటెందుకు, దళారీనా?"

గోవిందరాజ్ నా వైపు చూశాడు. నేను నాలుగు ఊళ్ళ గ్రంథాలయాల్లో చదివిన విద్యుచ్ఛాస్త్రమంతా గుర్తుచేసుకుని, శక్తి ఒక రూపం నుంచి మరో రూపానికి మారుతుందని మొదలుపెట్టాను.

"మారేటప్పుడు కొంచం కారిపోతాదా, లేదా?" అన్నాడు నాయకర్.

"కొంత నష్టం ఉంటుంది."

"అట్లయితే ఆయిలింజన్నే బండిలో పెట్టేస్తే?"

"అది పెట్రోలు కారవుతుంది మామా. కుదుపుతుంది, పొగ కక్కుతుంది."

"అట్లయితే ఇదే మేలు. కాని తినేది ఆయిలే గదా!"

ఇలా ముగ్గురం కలిసి మొదటికి వచ్చాం. ఆరోజు అన్నిసార్లు మొదటికి వచ్చాక, కారు ఆయిలుతో నడుస్తుందో కరెంటుతో నడుస్తుందో నాకే అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం ఈనాటికీ పూర్తిగా వదల్లేదు.

ఎద్దుకు నోరు తెరిపించి పళ్ళు చూసినట్టు, నాయకర్ బ్యాటరీ పెట్టె మూత తీయించి లోపల పలకలు చూశాడు. "పళ్ళు అరిగినయ్" అన్నాడు. దానికి నీళ్ళు కూడా పోయాలనీ, అవీ ఆవిరి పట్టి చల్లార్చిన శుద్ధమైన నీళ్ళే కావాలనీ వీరసామి చెబితే నోరు తెరిచాడు. "మా ఊళ్ళో పసిబిడ్డలకే ఉప్పునీళ్ళు! దీనికి మాత్రం ఆవిరి నీళ్ళా?" ఊరికే నిలబెట్టినా కరెంటు దిగిపోతుందని విన్నాక మరీ మెత్తబడి కారు మీద చెయ్యి వేశాడు. "అచ్చం మా చిన్నల్లుడే."

ఆ తరవాత కారు చుట్టూ తిరిగి సుడులున్నాయేమో వెతికాడు. లేవు. ఎద్దుకు సుడి లేకపోతే ఏమిటో ఆయనకు తెలుసు. కారుకు లేకపోతే మంచిదో చెడ్డదో తెలియక చాలాసేపు తల గోక్కున్నాడు. చివరికి భుజం మీది తువ్వాలు తీసి, గోవిందరాజ్ చేతి మీద కప్పి, కింద వేళ్ళు పట్టుకుని నొక్కాడు. కళుగుమలై సంతలో ధర అలాగే చెబుతారు, మూడో కంటికి తెలియకుండా. కాలేజీ కుర్రాడికి అది తెలీదు. అదేదో పల్లెటూరి షేక్‌హ్యాండ్ అనుకుని తానూ గట్టిగా నొక్కాడు. వెంటనే నాయకర్ అతని అరచేతిలో ఆకూ వక్కా పెట్టాడు. గోవిందరాజ్ నోట్లో వేసుకున్నాడు.

అయిపోయింది! సంతలో తాంబూలం నమిలాక ఆ గొడ్డు పరీక్షలో ఉన్నట్టు లెక్క. కొనేవాడు అవునో కాదో చెప్పేదాకా మరొకడు దాని మీద చెయ్యి వేయకూడదు. ఆ మాట తప్పినవాడి గడపకు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరూ పత్తి తేరు. ఈ సంగతి వీరసామి చెవిలో చెప్పేసరికి గోవిందరాజ్ వక్క మింగేశాడు.

పరీక్షలు మొదలయ్యాయి.

"బారం లేకుండా ఎద్దునే చూడం, బండినేం చూస్తాం?" అన్నాడు నాయకర్.

"నాలుగు పత్తి మూటలు వేయించనా?" అన్నాడు వీరసామి.

"మూట మాట్లాడతాదా? కుదిపితే 'అమ్మా' అనే బారం కావాల." నాయకర్ నాలుగు వైపులా చూసి, చివరికి కిటికీ దగ్గర ఆగాడు. "చెల్లే, పట్టమ్మా! కొంచం బారంగా వస్తావా?"

పట్టమ్మాళ్ బారంగా వెళ్ళింది. మొదటి పరీక్ష బజారు దాకా. ఏం గమనించావని అడిగితే, "మల్లెపూల ధర పెరిగింది" అన్నాడు నాయకర్. ఇంకోసారి ఎత్తు ఎక్కుతుందేమో చూడాలని కదిరేశన్ కొండ కిందికి. మరోసారి ఇసకలో లాగుతుందో లేదోనని పట్టమ్మాళ్ మేనత్త ఉన్న పల్లెకు. వానకు అద్దాలు కారతాయా అని వాన కోసం ఎదురుచూస్తూ సగం ఏడాది గడిపారు. ఆ వైపు వాన సంగతి తెలుసుగదా! వచ్చిన ఒక్క వాన ఇరవై నిమిషాలు కురిసింది. అప్పుడు కారు బ్యాటరీ ఛార్జీలో ఉంది.

గోవిందరాజ్ కనిపించినప్పుడల్లా, "మామా, కొంటావా, కొనవా?" అని అడిగేవాడు.

"కొనకపోతే ఇన్ని పరీక్షలెందుకప్పా? కాని చూడు, ఎద్దయితే పేడ వేస్తాది, ఇది వేయదు. అది నట్టం. ఎద్దు చస్తాది, ఇది చావదు. అది లాబం. కాని బ్యాటరీ చస్తాది. కాని తోలు మిగలదు. కాని సీసం మిగులుతాది. కాని..."

గోవిందరాజ్ చెవులు మూసుకుని ఫ్యాక్టరీలోకి పరిగెత్తేవాడు. అక్కడి యంత్రాల రొద అతనికి హాయిగా ఉండేదట.

ఇంతలో విరుదునగరంలో పట్టమ్మాళ్ కూతురు తాయమ్మాళ్‌కు కొడుకు పుట్టాడు. పిల్లాడు పాకుతున్నాడు, నిలబడుతున్నాడు అని కబుర్లు వస్తున్నాయి గాని, వాణ్ణి చూసే యోగం అమ్మమ్మకు లేదు. కోవిల్‌పట్టిలో ఈగలూ జ్వరాలూ ఉన్నాయని తాయమ్మాళ్ అత్తింటివాళ్ళు పిల్లాణ్ణి పంపరు. ఆ రోజుల్లోనే మదురై వ్యాపారి తెగేసి చెప్పాడు, ఈ శుక్రవారం దాటితే తనకు కారు వద్దని. గోవిందరాజ్ నన్ను వెంటేసుకుని నాయకర్ దగ్గరికి వచ్చాడు.

"శుక్రవారం లోపల అవునో కాదో చెప్పాలి మామా. పత్తి రాకపోతే పోనీ, నాకు మతి పోయేట్టుంది."

నాయకర్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరి సరి. అన్నీ చూసినాను. దూరం ఒకటే చూడలే."

"ఎంత దూరం?"

"యాడికి పోవాలబ్బా..." అని గడ్డం గోక్కుని, "విరుదునగరం అనుకుందాం" అన్నాడు.

వీరసామి లబోదిబోమన్నాడు. "అయ్యా, ఈ పాత బ్యాటరీ సాత్తూరు దాటితే గొప్ప!"

"దాటకపోతే దాటదని తెలుస్తాది గదా. అదే పరీక్ష."

గురువారం తెల్లవారగానే బయల్దేరాం. పట్టమ్మాళ్ కొత్త చీర కట్టుకుని, ఒళ్ళో మురుకుల డబ్బా పెట్టుకుని కూర్చుంది. కారు చప్పుడు లేకుండా పోతుంటే దోవలో మేకలు సైతం పక్కకు తప్పుకోవడం మరిచిపోయాయి. సాత్తూరు వచ్చింది. సాత్తూరు దాటింది. వీరసామి ముఖం వెలిగింది. అంతలోనే కారు ముసలాడిలా ఒక నిట్టూర్పు విడిచి, రోడ్డు మధ్య ఆగిపోయింది.

పట్టమ్మాళ్ డబ్బా మూత మీద వేళ్ళు బిగించింది. "ఇంకెంత దూరం అన్నా?" అంది సన్నగా.

"దూరమా? ఎద్దుకు ఒక దూరం, కారుకు ఒక దూరం. ఏది చెప్పేది?" అని నాయకర్ దిగి, ముందుకు చూసి కేకేశాడు. "రేయ్, సుడలైమాడా!"

రోడ్డు వంపులో ఒక తుమ్మచెట్టు కింద ఆయన ఎద్దుల జత నెమరువేస్తోంది. ఆయన బండివాడు సుడలైమాడన్ నిన్ననే వాటిని తోలుకొచ్చాడట. ఎద్దులున్నాయి, కాడి ఉంది, బండి మాత్రం లేదు. బండికి బదులు, కారు ముందు ఇనుపకడ్డీకి అతికినట్టు సరిపోయే పొడుగాటి నొగ ఉంది. కొత్తగా చెక్కిన కొయ్య వాసన ఇంకా పోలేదు.

"ఇదెప్పుడు చేయించారు?" అన్నాను.

"ఏమో, దారిలో ఎందుకైనా పనికొస్తాదని" అన్నాడు నాయకర్ నా కళ్ళలోకి చూడకుండా.

ఎద్దుల్ని కట్టారు. కారు కదిలింది. మేము ముగ్గురం ఊపిరి బిగబట్టి పట్టమ్మాళ్ ముఖం చూశాం. చక్రాలకు రబ్బరు, కింద స్ప్రింగులు, ముందు ఎద్దులు. 'అమ్మా' అనలేదామె. కాసేపటికి డబ్బా మూత తీసి అందరికీ తలా ఒక మురుకు పెట్టింది. ఒకచోట చెట్టు కింద అన్నం తిని, ఎద్దులకు అలుపు తీర్చి, సాయంకాలానికి విరుదునగరం చేరాం. పొలిమేరలో సుంకం వసూలు చేసే మునిసిపాలిటీ జవాను, దీన్ని మోటారు కింద రాయాలో బండి కింద రాయాలో తేల్చుకోలేక, చివరికి కళ్ళు మూసుకుని చెయ్యి ఊపాడు.

తాయమ్మాళ్ ఇంటి ముందు గోవిందరాజ్ నిలబడి ఉన్నాడు. కారు అటునుంచి అటే ఇచ్చేద్దామని వ్యాపారిని వెంటబెట్టుకుని రైల్లో వచ్చాడు. ఎద్దులు లాక్కొస్తున్న అద్దాల కారును చూడగానే అతనికి లోకమంతా ఒక్కసారిగా తేటపడినట్టుంది.

"అర్థమైంది మామా! నువ్వు ఏనాడూ కొనేవాడివి కాదు. బజారు, కొండ, మేనత్త ఊరు, ఇప్పుడు ఇది! వదిన ఎక్కడికి పోవాలనుకుంటే నీకు పరీక్ష అక్కడే!"

నాయకర్ నిజంగానే తడబడ్డాడు. "అట్లనా? రెండూ ఒకే దోవలో పడినయ్యేమో..."

"పడినయ్యి, పడినయ్యి" అంది పట్టమ్మాళ్ కారులోంచి. "ఊరికే రమ్మంటే నేను రానని ఆ అన్నకు తెలుసు. బారంగా రమ్మన్నాడు. బారమే గదా అని నేనూ నోరు మూసుకుని కూర్చున్నా. నువ్వు కొంచం తప్పుకోప్పా, బిడ్డను చూడాల."

తాయమ్మాళ్ పిల్లాణ్ణి ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. వాడు అమ్మమ్మను వదిలేసి ఎద్దుల్ని చూసి చప్పట్లు కొట్టాడు. గోవిందరాజ్ నాయకర్ భుజం మీది తువ్వాలు తానే లాగి ఆయన చేతి మీద కప్పాడు. కింద ఏ వేలు ఏ వేలిని నొక్కిందో మాకు తెలీదు. చివరికి తేలింది ఇది: సీసమున్న బ్యాటరీలు వ్యాపారికి, ఎద్దులు నాయకర్‌వి, కారు పట్టమ్మాళ్‌ది. బ్యాటరీలు దిగాక బరువు సగం తగ్గింది. ఎద్దులకూ అభ్యంతరం లేకపోయింది.

కరెంటు కారు లాభమా నష్టమా అన్నది మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగితే, నాయకర్ ఎడమచేత్తో లెక్క మొదలుపెట్టి, అరటాకు ఎండిపోయేదాకా చెప్పాడు. నాకు తెలిసింది ఒకటే, అది చాలా తింటుందట.

రెండేళ్ళ తరవాత నేను విరుదునగరం బస్సులో పోతుంటే, ముందు దోవకడ్డంగా అదే కారు. సుడలైమాడన్ ఎద్దుల్ని ఎడమకు తోలుతున్నాడు. లోపల పిడి పట్టుకున్న పట్టమ్మాళ్ కుడికి తిప్పుతోంది. బస్సువాడు హారన్ మోగించి మోగించి అలసిపోయాడు. అద్దం దించి ఆమె చెయ్యి బయటపెట్టింది.

"కొంచం ఆగప్పా! వాడొక పక్కకు పోతా ఉండాడు, నేనొక పక్కకు పోతా ఉండా. ఏదో ఒకటి తేలాల గదా!"

బస్సు దుమ్ములో ఆగింది. ఆమె మనవడిని ఒళ్ళో సర్దుకుని, ఎటు పోవాలా అని తీరిగ్గా ఆలోచించడం మొదలుపెట్టింది.