ఏడాది కాపాడుకున్న కాలు

ఆ మధ్యాహ్నం పెళ్లివాళ్ల జాకెట్లు కుడుతున్నాను. వేంపల్లెలో మాది చిన్న దర్జీ అంగడి. అన్నం తెచ్చిన మా ఆవిడ మాబున్ని గడపలోనే ఆగిపోయింది.

“ఏమయ్యా, కింద నెత్తురు కారతాండాది. నీకు తెలీలేదా?”

చూస్తే, విరిగిన సూది కుడి అరికాల్లో దిగి ఉంది. నొప్పి లేదు. పన్నెండేళ్లుగా షుగర్ ఉన్నవాణ్ని. నొప్పి తెలియకపోవడమే ప్రమాదమని అప్పట్లో ఎరగను. ఇంత పసుపు అద్దుకుని మళ్లీ మిషను తొక్కాను.

పది రోజుల్లో బొటనవేలు నల్లబడింది. కడపలో డాక్టరు చూసి, “గ్యాంగ్రీన్. మోకాలి కింద తీసేయాలి,” అన్నారు. ఆపరేషన్‌కు సంతకం పెట్టకుండా కర్నూలుకు పోయాం. అక్కడ కాలికి రక్తం పారుతోందో లేదో చూసే డాప్లర్, యాంజియోగ్రామ్ పరీక్షలు చేశారు.

“రక్తనాళం మూసుకుపోయింది. యాంజియోప్లాస్టీ చేసి, అంటే బెలూనుతో నాళం తెరిచి చూద్దాం. వేళ్లు పోతాయి. కాలు నిలుస్తుందని మాటివ్వలేను,” అన్నారు డాక్టరమ్మ.

రెండు వేళ్లు పోయాయి. కాలు నిలిచింది. కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాం.

కానీ పుండు మానలేదు. మూడుసార్లు డిబ్రైడ్‌మెంట్ అన్నారు, అంటే కుళ్లిన కండ తీసేయడం. తొడ చర్మం తీసి గ్రాఫ్ట్ వేస్తే అదీ పట్టలేదు. కాలు కింద మోపొద్దన్నారు. ఏడాది మంచంలోనే గడిచింది. పుండు వాసనకు నేనే ముఖం తిప్పుకునేవాణ్ని. మాబున్ని తిప్పుకోలేదు. ఒకరోజు కట్టు కడుతూ కడుతూ కూర్చున్నచోటే నిద్రపోయింది.

ఆస్పత్రిలో మంగంపేట గనుల్లో పనిచేసే ఒకాయన పరిచయమయ్యాడు. నా వేళ్లు తీసిన తర్వాత ఎప్పుడో ఆయన కాలు తీశారు. అప్పటికే కృత్రిమ కాలితో మెట్లెక్కుతున్నాడు. “నీకు కాలుండాది, నాకు నడకుండాదప్పా,” అన్నాడు. ఎగతాళిగా అనలేదు.

ఇన్‌ఫెక్షన్ ఎముకకు పాకి జ్వరం తగిలినప్పుడు, “తీసేయండి మేడం,” అని నేనే అడిగాను.

డాక్టరమ్మ కట్టు విప్పి చూశారు. “చేసిందేదీ వృథా కాలేదు. ఇప్పుడు రక్తం తిరుగుతోంది కాబట్టి మోకాలి కింద కోసినా గాయం మానుతుంది, మోకాలు మిగులుతుంది,” అన్నారు.

మాబున్ని వరండాలో ఏడ్చింది. “ఇన్నాళ్లు నేను చేసిందంతా యాడికి పాయె?” అంది. మోకాలి కింద కాలు తీసేశారు.

ఇప్పుడు కృత్రిమ కాలితో అంగడికి నడిచిపోతున్నాను. మిషనుకు మోటారు పెట్టించి ఎడమ కాలితో నొక్కుతున్నాను. లేని వేళ్లు ఇప్పటికీ సలుపుతాయి. సాయంత్రానికి శానా అలసట.

మీకూ ఇలాంటి రోజు వస్తే, ‘కాలు నిలుస్తుందా’ అనే కాదు, ‘ఎన్నాళ్లకు నడుస్తాను’ అని కూడా డాక్టరును అడగండి. అడిగేటప్పుడు, మీకు కట్టు కట్టబోయే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.