యాసిడ్ తొట్టి దగ్గర బావ

మొన్న రేణిగుంట దాటాక, మా ముందు పోతున్న బస్సు పక్కరేకు సగం ఊడి గాలికి టపటపా కొట్టుకుంటుంటే, నాకు మా బావ గుర్తొచ్చాడు.

అక్కడికి దగ్గర్లోనే, నా మీసాలు నల్లగా ఉన్న రోజుల్లో, అక్క భర్త నన్ను తను మేస్త్రీగా ఉన్న ఒక షెడ్డులో పనికి పెట్టించాడు. అల్యూమినియం రేకులను ఫైబరు పలకలకు జిగురుతో అంటించి బస్సులకు పక్కగోడలు చేసేవాళ్ళం. రేకు మీద కంటికి కనబడని జిడ్డు, గాలికి పట్టే పొర ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది, యాసిడ్ తొట్టిలో ముంచి కడిగితే తప్ప జిగురు గట్టిగా పట్టదు. కడిగిన రేకు మీద నీళ్ళు బొట్లుగా విడిపోకుండా పలుచగా పరుచుకుంటేనే జిడ్డు పోయినట్టని బావ తలూపేవాడు. చేతిపని చేసి బతికిన మన వయసువాళ్ళకు ఆ తృప్తి గురించి చెప్పనక్కరలేదు.

ఒక ఎండాకాలం, సరుకు తొందరగా పంపాలని యజమాని బావమరిది వచ్చి మీద పడ్డాడు.

"యాసిడ్ లేదు గీసిడ్ లేదు, గుడ్డతో తుడిచి అంటించండి."

"రోడ్డు మింద ఊడి ఎవురికన్నా తగిలితే సస్తారప్పా, నేను అంటించను" అన్నాడు బావ.

ఆ మాట పూర్తి కాకముందే అతను ఒక అల్యూమినియం బద్ద అందుకుని బావ ముఖాన కొట్టాడు. కనుబొమ చీలి, బద్ద అంచు కంట్లో దిగి నెత్తురు రేకుల మీద చిమ్మింది. ఇంక ఎట్లా ముంచుతారో చూస్తానంటూ తొట్టిని కాలితో తన్నాడు. అది పగిలి యాసిడంతా అతని కాళ్ళ మీదే పడింది.

అతను కేకలు పెడుతూ కూలబడితే మాకు జాలి కలగలేదు. నేను జుట్టు పట్టుకున్నాను, మిగిలినవాళ్ళు పిడిగుద్దులు మొదలుపెట్టారు. అప్పుడు ఒక కన్ను చేత్తో మూసుకుని బావ మమ్మల్ని తోసుకుంటూ వచ్చాడు.

"కొట్టింది సాలు, నీళ్ళు పెట్టండ్రా, కాళ్ళు ఉడికిపోతాండాయి" అని అరిచి, గొట్టం తానే లాక్కొచ్చి, నెత్తురు కారుతుండగానే, ఆటో వచ్చేదాకా అతని కాళ్ళ మీద నీళ్ళు వదులుతూ నిలబడ్డాడు.

అతనికి కాళ్ళు దక్కాయి, బావకు ఆ కన్ను దక్కలేదు. పోలీసులకు బావ జరిగింది జరిగినట్టు చెప్పాడు, మా పిడిగుద్దులతో సహా. కొన్నాళ్ళకు షెడ్డు మూతపడింది.

ఇప్పుడు చాలాచోట్ల తొట్లు లేవట, మూసిన గదిలో యంత్రమే రేకును శుభ్రం చేస్తుందట. మంచిదే, ఎవరి ఒళ్ళూ కాలదు. కాలం అంత మారినా ఆ దెబ్బతో బావలో మిగిలిన ఉలికిపాటు మాత్రం మారలేదు. చూపులేని వైపున మనవరాలు మెల్లగా వచ్చి కూర్చున్నా, బావ చనిపోయేదాకా ఆయన చెయ్యి ముఖానికి అడ్డంగా లేస్తూనే ఉండేది.