మూడో గేరులో గుట్ట

లారీలు తూచే కాటా దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషికి లోకమంతా బరువుగానే కనిపిస్తుంది. ఎదురుగా ఎవరొచ్చినా ఈయన పలకరించే లోపే మనసులో తూచేసేవాడు. లారీ డ్రైవర్లందరికీ ఆయన కాటా బాబాయ్. అద్దాల గదిలో, తిరుగుతోందో లేదో తెలియని ఫ్యాను కింద కూర్చుని, కిటికీలోంచి చీటీ అందిస్తూ, ప్రతి డ్రైవరుతోనూ ఓ మాట మాట్లాడితే గానీ పంపేవాడు కాదు. కొంతకాలంగా ఆ మాటలన్నీ ఒక్క విషయం మీదే. తన చిన్న పెట్రోలు కారు గుట్ట ఎక్కడం లేదు. ఏం చెయ్యాలి?

గుట్ట మీద ఆసుపత్రి ఉంది. ఆయన భార్యకు కాలేయం పాడైంది. వారం వారం తీసుకెళ్ళి మందు ఎక్కించాలి. మందు కంటే దారే ఆవిడ ప్రాణం తోడేసేది. సగం ఎక్కేసరికి కారు నీరసించిపోయేది. రెండో గేరు, ఆ తర్వాత ఒకటో గేరు, ముక్కుతూ మూలుగుతూ పాకేది. ఆ కుదుపులకు ఆవిడకు కడుపులో తిప్పేది. ఒళ్ళో పెట్టుకున్న డబ్బాలోకి వంగిపోయేది. ఈయనేమో స్టీరింగు పట్టుకుని, "అయిపోయింది, అయిపోయింది, ఇదే చివరి మలుపు" అనేవాడు. అవతల ఇంకా రెండు మలుపులుండేవి.

ఆవిడ కాలేయాన్ని ఆయనేమీ చెయ్యలేడు. కారునైతే చెయ్యగలడు కదా! అందుకే కారు మీద పడ్డాడు. పాపం, ఇంకెక్కడ పడతాడు?

"బాబాయ్, ఇంజినంటే మనిషి లాంటిదే. ఊపిరాడాలి," అన్నాడు ఒక లారీ డ్రైవరు, కిటికీలో మోచేతులు ఆనించి. "నా బండికి పొగ గొట్టం లావుది వేయించా. నిండు లోడుతో ఏ గుట్టయినా సరే, అట్టా లాక్కుపోతుంది."

తర్వాత వచ్చినవాడూ అదే చెప్పాడు. ఆ తర్వాతివాడు ప్రమాణం చేసి మరీ చెప్పాడు. ఇంతమంది చెప్పాక ఇక తిరుగేముంది? సెలవు రోజు చూసుకుని సైలెన్సర్ల మేస్త్రి షెడ్డుకి వెళ్ళాడు. గోడకి వరసగా గొట్టాలు, నేల మీద నల్లటి జిడ్డు, మూలన వెల్డింగు సిలిండర్లు. మేస్త్రి కారు కిందికి దూరి, బయటికొచ్చి, బుర్ర గోక్కున్నాడు.

"అన్నా, వాళ్ళవి డీజిలు లారీలు. గాలిని లోపలికి తోసే టర్బో ఉంటుంది, వాటికి లావు గొట్టం పనికొస్తుంది. మీది చిన్న పెట్రోలు ఇంజిను. దీనికి అంత గొట్టం పెడితే మోత వస్తుంది గానీ తక్కువ స్పీడులో లాగుడు పోతుంది. గుట్ట మీద మీకు కావాల్సింది ఆ లాగుడే కదా."

"ఇంజినుకి ఊపిరాడాలయ్యా!"

"ఇప్పుడు మాత్రం ఆడట్లేదని ఎవరన్నారు?"

"నువ్వు వెయ్యి."

ఎవరికీ ఎదురు చెప్పని మనిషి ఆ రోజు మొండికేశాడు. మేస్త్రి మాత్రం ఏం చేస్తాడు, వేశాడు.

ఆ వారం గుట్ట దగ్గర జరిగిన భాగోతం చెప్పుకుంటే సిగ్గు చేటు. కారు లారీలా గర్జించింది. టీ కొట్టు దగ్గరి జనం చెవులు మూసుకుని తిరిగి చూశారు. ఎక్కడం మాత్రం ఇంతకుముందుకంటే అధ్వాన్నం. మొదటి మలుపులోనే ఒకటో గేరుకి దిగిపోయింది. లోపల ఆ హోరుకి ఆవిడ రెండు చేతులతో తల పట్టుకుంది.

"ఊరంతా లేచి నిలబడుతోందండీ. మన బండే లేవట్లేదు," అంది. ఆ ఒక్క జోకుకే ఆయాసం వచ్చింది ఆవిడకి. ఆయనకి నవ్వు రాలేదు. తన మొండితనం ఆవిడ తలలో మోగుతోందని తెలిసి, తనని తాను తిట్టుకుంటూ నడిపాడు.

మర్నాడే తోక ముడిచి మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు. మేస్త్రి మంచివాడు, "నేను చెప్పలేదా" అనలేదు. పాత కొలత గొట్టమే పెడదామన్నాడు. ఇంజిను పక్కన పొగని శుభ్రం చేసే జల్లెడ ఒకటి ఉంటుంది, అది మసితో పూడుకుపోయింది, కొత్తది వేద్దామన్నాడు. గాలి ఫిల్టరు మారుద్దామన్నాడు. చివరికి ల్యాప్‌టాప్ తగిలించి, తక్కువ స్పీడులో బలం వచ్చేలా ఇంజిను సెట్టింగులు సరిచేద్దామన్నాడు. ఈయన అన్నిటికీ తలాడించాడు. పరీక్షలో తప్పి మళ్ళీ రాసే కుర్రాడిలా ప్రతిదీ రెండేసి సార్లు అడిగి తెలుసుకున్నాడు.

పైగా కాటా మనిషి కదా, బరువు సంగతి తన సొంత విద్య. స్టెప్నీ తీసి ఇంట్లో పెట్టాడు. జాకీ తీశాడు, వెనక సీటు ఊడదీశాడు. ఆసుపత్రికి వెళ్తూ దారిలో కారుని కాటా ఎక్కించాడు. కారు కొన్న కొత్తలో సరదాగా ఇద్దరూ కూర్చుని తూచుకున్న అంకె ఆయనకింకా నోటికి ఉంది. అందులోంచి తీసేసిన సామాను పోను ఎంత రావాలో లెక్కేసుకునే వచ్చాడు.

తెర మీద దానికంటే బాగా తక్కువ వచ్చింది.

కాటా కింద రాయి ఇరుక్కుందేమోనని ఇనుప చువ్వ పట్టుకుని దిగాడు. వంగి చూశాడు. అటు తిరిగి, ఇటు తిరిగి, మళ్ళీ చూశాడు. రాయీ లేదు, మట్టీ లేదు.

"కాటాకేం కాలేదులెండి. రండి, ఎండగా ఉంది," అంది ఆవిడ కారులోంచి.

ఆయన చువ్వని గోడకి ఆనించి వచ్చి కూర్చున్నాడు. ఆవిడ వైపు చూడలేకపోయాడు. రోజూ పక్కనే పడుకునే మనిషి ఇంత తరిగిపోతే తన కళ్ళు ఏం చేస్తున్నట్టు? తాళం తిప్పాడు.

ఆ రోజు కారు గుట్ట ఎక్కింది. మొదటి మలుపు మూడో గేరులో. రెండోదీ మూడో గేరులోనే. ఆయన చెయ్యి గేరు కర్ర మీద కాచుకుని ఉంది గానీ దానితో అవసరమే పడలేదు. కుదుపు లేదు, హోరు లేదు. పక్కకి చూస్తే ఆవిడ నిద్రపోతోంది. ఆ గుట్ట మీద ఆవిడకి కునుకు పట్టడం అదే మొదటిసారి. డబ్బా ఒళ్ళో ఖాళీగా ఉంది. ఆయనకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. నిజం చెప్పాలంటే, ఆ కాసేపు కాటా సంగతి కూడా మర్చిపోయాడు.

పరీక్షలన్నీ చూశాక డాక్టరమ్మ ఆయన్ని మాత్రం వరండాలోకి పిలిచింది.

"ఇక ఈ మందు పనిచెయ్యదండీ. ఆవిడని ఇంత దూరం తిప్పొద్దు. నొప్పి తెలియకుండా మందులు రాస్తాను. ఇంట్లోనే ఉంచుకోండి."

ఆయన ఆత్రంగా అన్నాడు. "దూరం ఇబ్బంది లేదు మేడం. బండి బాగు చేయించాను. ఇప్పుడు మూడో గేరులోనే ఎక్కేస్తోంది. దారంతా పడుకునే వచ్చింది, కావాలంటే ఆవిడనే అడగండి."

డాక్టరమ్మకి ఏం అర్థమైందో ఏమో, ఆయన భుజం మీద చెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోయింది.

దిగేటప్పుడు యాక్సిలరేటరు మీద కాలు పెట్టాల్సిన పనే లేకపోయింది. గుట్ట దిగడానికి ఏ బండికైనా బలమెందుకు? కింద టీ కొట్టు దాటుతుండగా ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

"వచ్చేటప్పుడు నిద్రపోయానండీ. ఎలా ఎక్కిందో చూడనేలేదు. ఇంకోసారి ఎక్కించరూ?"

"ఇప్పుడా? అలిసిపోతావు."

"అంత కష్టపడి చేయించారు. నేను చూడొద్దా?"

ఆయన కారు తిప్పాడు. మూడో గేరులో ఒక్కో మలుపూ దాటుతుంటే, ఆవిడ సీటులో నిటారుగా కూర్చుని రోడ్డునే చూస్తూ, "అబ్బ, ఎంత బాగా లాగుతోందండీ," అంది. ఇంకో మలుపు దగ్గర మళ్ళీ అంది. ఆయనకి రోడ్డు మసకగా కనిపించింది. అయినా ఎక్కడా ఆపలేదు.

పైన ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ వీళ్ళ కారుని గుర్తుపట్టి, అలవాటుగా అడ్డకర్ర పైకెత్తాడు. లోపలికి రావట్లేదని ఆయన చెయ్యి ఊపి, అక్కడే కారు వెనక్కి తిప్పుకున్నాడు.